ఇవాళ ఊడిన వెంట్రుక మూడు నెలల కిందటిది: బరువు తగ్గే ఇంజెక్షన్లతో నా అనుభవం

బరువు తగ్గే ఇంజెక్షన్ టిర్జెపటైడ్ మొదలుపెట్టిన పద్నాలుగో వారం. తలస్నానం చేస్తుంటే బాత్రూంలో నీళ్లు పోకుండా నిలబడ్డాయి. జాలీ ఎత్తి చూస్తే నిమ్మకాయంత జుట్టు ఉండ. ఆ వారం కొత్తగా మారినదేమీ లేదు. అదే షాంపూ, అదే బోరు నీళ్లు, అదే డోసు. మార్పు జరిగింది అంతకు రెండున్నర నెలల ముందు. ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది నూనెలు మార్చి, షాంపూలు మార్చి, చివరికి భయపడి మందే మానేస్తున్నారు. అందుకని ఏ వారంలో ఏం జరిగింది, ఎలా లెక్కపెట్టాను, ఏ పరీక్షలు చేయించాను, ఎక్కడ పొరబడ్డాను అన్నవి వివరంగా రాస్తున్నాను.

మొదలుపెట్టినప్పుడు బరువు 84 కిలోలు. వారానికి ఒక ఇంజెక్షన్. మొదటి నాలుగు వారాలు 2.5 మి.గ్రా., ఐదో వారం నుంచి 5, తొమ్మిదో వారం నుంచి 7.5. మొదటి నెలలో 2 కిలోలు తగ్గితే, రెండో నెలలో నాలుగున్నర, మూడో నెలలో మూడున్నర తగ్గాయి. పన్నెండు వారాలు నిండేసరికి 74. మూడు నెలల్లో దాదాపు 12 శాతం. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకూ సంతోషంగానే ఉంది. జుట్టు కుదుళ్లకు మాత్రం అది కరువు కాలం.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. మామూలు రోజుల్లో నూటికి 85 నుంచి 90 కుదుళ్లు పెరిగే దశలో ఉంటాయి. ఆ దశ రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. మిగతావి సుమారు మూడు నెలలు ఊరికే ఉండి, కింద కొత్త వెంట్రుక పుట్టుకొస్తుంటే రాలిపోతాయి. రోజుకు 50 నుంచి 100 ఊడడం అందుకే సహజం. టైఫాయిడ్, డెంగీ, కాన్పు, పెద్ద ఆపరేషన్, తిండి ఒక్కసారిగా పడిపోవడం, ఇలాంటి దెబ్బ ఏది తగిలినా శరీరం ముందు ప్రాణానికి అవసరమైన అవయవాలను చూసుకుంటుంది. జుట్టు పెంచే పని వాయిదా పడుతుంది. పెరుగుతున్న కుదుళ్లు చాలా ఒకే విడతలో విశ్రాంతిలోకి వెళతాయి. వెళ్లిన రోజు అద్దంలో ఏమీ కనబడదు. రెండు మూడు నెలలు గడిచాక అవన్నీ కలిసి రాలతాయి. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కాన్పయిన మూడో నెలలో బాలింతలకు కుచ్చులు కుచ్చులుగా ఊడేది ఇదే. బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు మూడు నాలుగు నెలలకు ఊడేదీ ఇదే.

మందు కంపెనీలు ఈ విషయం దాచలేదు, మందుతో వచ్చే కాగితంలోనే ఉంది. అమెరికాలో జెప్‌బౌండ్ పేరుతో అమ్ముతున్న టిర్జెపటైడ్ కరపత్రం ప్రకారం, పరీక్షల్లో మందు వాడిన ఆడవాళ్లలో 7.1 శాతం మందికి జుట్టు ఊడింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్న ఆడవాళ్లలో అది 1.3 శాతం. మందు వాడిన మగవాళ్లలో అర శాతమే. ఇది బరువు తగ్గడంతో ముడిపడి ఉందని కూడా అందులో రాశారు. ఇదే కోవకు చెందిన ఇంకో ఇంజెక్షన్ సెమాగ్లూటైడ్ 2.4 మి.గ్రా., అంటే వెగోవీ వాడిన వయోజనుల్లో 3 శాతం, ఉత్తుత్తిది తీసుకున్నవాళ్లలో 1 శాతం. వెగోవీ యూరప్ కాగితంలో ఇంకో రెండు మాటలున్నాయి: బరువులో 20 శాతం, ఆపైన తగ్గినవాళ్లకు ఎక్కువ ఊడింది. ఊడినవాళ్లలో ఎక్కువమందికి మందు ఆపకుండానే తగ్గిపోయింది. ఈ చివరి మాట నాకు కొండంత ధైర్యమిచ్చింది. మన దేశంలో మౌంజారో (ఇదీ టిర్జెపటైడే) 2025 మార్చిలో, వెగోవీ ఆ ఏడాది జూన్‌లో అమ్మకానికి వచ్చాయి. మన దగ్గర వాడేవాళ్లు పెరిగే కొద్దీ ఈ ప్రశ్న కూడా పెరుగుతూనే ఉంటుంది.

ఊడిన జుట్టును దగ్గరగా చూడడం నేను చేసిన మొదటి పని. పది వెంట్రుకలు తీసుకుని నల్ల గుడ్డ మీద పరిచి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాను. తొమ్మిదింటికి ఒక కొసన గసగసాల గింజ కన్నా చిన్న తెల్లటి బుడిపె ఉంది. వేలికి మెత్తగా, కొంచెం ఎండినట్టు తగులుతుంది. అంటే కుదురు నుంచి కాలం తీరి ఊడినవి. బుడిపె లేకుండా రెండు కొసలూ ఒకేలా ఉంటే అది మధ్యలో తెగిన వెంట్రుక. దాని కారణం వేరు: ఎండబెట్టే మెషిన్, రంగు, స్ట్రెయిటెనింగ్, తడి తల మీద చిక్కు తీయడం. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి ఒకదానికి వాడాల్సింది రెండోదానికి వాడుతున్నారు. తెల్లటి బుడిపె చూసి "వేరుతో సహా వచ్చేసింది, ఇక మొలవదు" అని బెంగపడతారు. అది వేరు కాదు. కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది.

లెక్క విషయానికొస్తే, భయం మీద ఆధారపడకుండా అంకెల మీద ఆధారపడాలనుకున్నాను. మూడు రోజులకొకసారి తలస్నానం చేసేదాన్ని. స్నానం చేసిన రోజు మూడు రోజుల సరుకూ ఒక్కసారే వస్తుంది కాబట్టి ఆ రోజు ఉండ చూసి గుండె జారిపోతుంది. అందుకని జాలీలో చిక్కినవి, దువ్వెనవి, దిండు మీదవి మూడు రోజులవి కలిపి లెక్కపెట్టి మూడుతో భాగించాను. పద్నాలుగో వారంలో రోజుకు 180. పద్దెనిమిదో వారంలో 310, అదే గరిష్ఠం. ఇరవై రెండులో 240. ఇరవై ఆరులో 120. ముప్ఫయ్యో వారానికి 70 దగ్గర నిలిచింది. ప్రతి వారమూ లెక్కపెట్టకండి, మనసు పాడవుతుంది. నెలకొకసారి చాలు.

ఇంతకన్నా నమ్మదగిన కొలత ఇంకొకటి ఉంది. జుట్టంతా వెనక్కి తీసి మెడ దగ్గర పిడికిట్లో పట్టి, కుట్టు దారం ఒక చుట్టు చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టాలి. మొదట 8.5 సెం.మీ. ఉన్నది ఏడో నెలలో 7.4 అయింది. సెంటీమీటరు చిల్లరే కదా అనిపిస్తుంది. కానీ జుట్టు మొత్తం చుట్టుకొలత వర్గాన్ని బట్టి మారుతుంది. 7.4ను 8.5తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే 0.76. అంటే పావు వంతు జుట్టు పోయింది. అద్దంలో చూసేవాళ్లకు అది అంతగా తెలియదు, జడ వేసుకునే చేతికి తెలుస్తుంది.

పదిహేనో వారంలో చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య యాభై అరవై వెంట్రుకలు పట్టుకుని కుదుళ్ల నుంచి కొసదాకా మెల్లగా లాగారు. ఇలా తల మీద నాలుగు చోట్ల చేశారు. అరవైలో ఆరు కన్నా ఎక్కువ వస్తే ఊడడం జోరుగా ఉన్నట్టు. నాకు ప్రతిచోటా తొమ్మిది, పది వచ్చాయి. తర్వాత పాపిడి చూశారు. నడినెత్తిన పాపిడి వెడల్పవుతూ వెంట్రుకలు సన్నబడుతుంటే వంశపారంపర్యంగా వచ్చే పలుచదనం. రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ ఉంటే పేనుకొరుకుడు. నాది తలంతా సమానంగా, కణతల దగ్గర కాస్త ఎక్కువగా ఉంది. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే: "షాంపూ సంగతి తర్వాత చూద్దామమ్మా, రెండు మూడు నెలల కిందట రోజంతా ఏం తినేవాళ్లో చెప్పండి."

చెప్పాను. ఉదయం టీ, రెండు బిస్కెట్లు. పదింటికి రెండు ఇడ్లీలు. మధ్యాహ్నం పిడికెడు అన్నం, పప్పుచారు. సాయంత్రం మళ్లీ టీ. రాత్రి చిన్న గిన్నెడు పెరుగు. 5 మి.గ్రా.కి మారిన తర్వాత ఆకలే తెలియలేదు, రెండు ముద్దలకే గొంతు దాకా నిండినట్టుండేది. ఆవిడ కాగితం మీద లెక్క వేశారు: టీల్లో పాలు 6 గ్రాముల ప్రొటీన్, ఇడ్లీలు 4, అన్నం 3, పప్పుచారు 4, పెరుగు 4, బిస్కెట్లు 1. మొత్తం 22 గ్రాములు. మన దేశపు పోషకాహార ప్రమాణం ప్రకారమే కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. బరువు తగ్గుతున్నప్పుడు ఇంకా ఎక్కువ కావాలి, లేకపోతే కండ కూడా కరిగిపోతుంది. నేను చేరాలనుకున్న 65 కిలోలకు 1.2 చొప్పున 75 నుంచి 80 గ్రాములు నిర్ణయించారు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్కను తమ డాక్టరుతో చెప్పించుకోకుండా పాటించకూడదు.

ఆకలి లేనివాళ్లు 75 గ్రాములు తినడం నోటితో చెప్పినంత తేలిక కాదు. నాకు పనికొచ్చింది వరస మార్చడం. కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, చివర్న అన్నం. పొట్ట ఎలాగూ ముందే నిండుతుంది కాబట్టి మిగిలిపోయేది అన్నమే కావాలి. ఉదయం రెండు ఉడికించిన గుడ్లు 12 గ్రాములు, గ్లాసు పాలు 8. మధ్యాహ్నం 40 గ్రాముల కందిపప్పుతో ముద్దపప్పు 9, వంద గ్రాముల ఎముకలేని చికెన్ లేదా చేప 20 పైచిలుకు. సాయంత్రం గుప్పెడు పుట్నాలు 6. రాత్రి 40 గ్రాముల పెసలతో ఒక పెసరట్టు 9, గిన్నెడు పెరుగు 5. ఇది 70 దాటుతుంది. శాకాహారులకు చికెన్ స్థానంలో వంద గ్రాముల పనీర్ 18 గ్రాములు ఇస్తుంది, 30 గ్రాముల ఎండు మీల్ మేకర్ 15 ఇస్తుంది. పప్పుచారు, పప్పు ఒకటే అనుకోవద్దు. చారులో ఉండేది చాలావరకు నీళ్లే. ఇంజెక్షన్ మర్నాడు, ఆ తర్వాతి రోజు వికారంగా ఉండేది. ఆ రెండు రోజులు గట్టి పదార్థం జోలికి పోకుండా పెరుగులో ఒక స్కూపు వే ప్రొటీన్ కలుపుకుని కొంచెం కొంచెంగా రోజంతా తాగాను.

ఇక పరీక్షలు. రక్తం పూర్తి పరీక్ష, ఫెరిటిన్, దానితోపాటు ఒంట్లో వాపును చూపే సి.ఆర్.పి., థైరాయిడ్ పనితీరు చెప్పే టి.ఎస్.హెచ్., బి12, విటమిన్ డి. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఏళ్ల తరబడి వాడినవాళ్లకు బి12 తగ్గుతుంది, కాబట్టి షుగరు ఉన్నవాళ్లు దాన్ని వదిలిపెట్టకూడదు. నా హిమోగ్లోబిన్ 12.1. ఆడవాళ్లకు 12 దాటితే రక్తహీనత లేనట్టే, అందరూ అక్కడితో ఆగిపోతారు. ఫెరిటిన్ మాత్రం 13. అంటే ఇంట్లో వంట సాగుతోంది, డబ్బాలో బియ్యం అడుగంటాయి. ఫెరిటిన్ అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఐరన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 కన్నా తక్కువైతే లోపం అంటుంది. నేను వెళ్లిన ల్యాబు వాళ్ల రేంజి 10 నుంచి మొదలవడంతో రిపోర్టులో ఆ అంకె పక్కన ఏ గుర్తూ లేదు, "అంతా నార్మల్ మేడమ్" అని చేతికిచ్చారు. జుట్టు విషయంలో చాలామంది చర్మ డాక్టర్లు అది 40 పైన ఉండాలని చూస్తారు. ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, సి.ఆర్.పి. జత చేసేది అందుకే. రిపోర్టులో నక్షత్రం గుర్తులు వెతకడం మానేసి అంకెలు చదవండి.

అసలు పొరపాటు టి.ఎస్.హెచ్. దగ్గర జరిగింది. అప్పటికే మూడు వారాలుగా జుట్టు కోసమని మందుల షాపులో తెచ్చిన 10 మి.గ్రా. బయోటిన్ అనే విటమిన్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ 30 మైక్రోగ్రాముల దరిదాపు. నేను మింగింది దానికి మూడు వందల రెట్లకు పైన. రిపోర్టులో టి.ఎస్.హెచ్. 0.2కి పడిపోయింది, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టి4 ఎక్కువొచ్చింది. చూడగానే థైరాయిడ్ అతిగా పనిచేస్తోందనిపించే జంట అది. బరువు తగ్గడం, జుట్టు ఊడడం, గుండె దడ, అన్నీ దానికి సరిపోయేలా ఉన్నాయి. డాక్టరు మందు రాయకుండా ముందు "బయోటిన్ ఏమైనా వాడుతున్నారా?" అని అడిగారు. చాలా ల్యాబుల్లో ఈ పరీక్షలు బయోటిన్‌ను అంటుకునే జిగురులా వాడుకునే పద్ధతిలో జరుగుతాయి. రక్తంలో బయోటిన్ నిండుగా ఉంటే టి.ఎస్.హెచ్. లేనిపోని తక్కువ, టి4 లేనిపోని ఎక్కువ చూపిస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఏ. 2017లోనే దీని మీద హెచ్చరిక జారీ చేసింది. నాలుగు రోజులు మాత్ర ఆపి మళ్లీ రక్తం ఇస్తే టి.ఎస్.హెచ్. 2.6. అవసరం లేని థైరాయిడ్ మందు నెత్తిన పడేది. జుట్టు గమ్మీలు, గోళ్ల మాత్రలు, మల్టీవిటమిన్లు, అన్నింటి అట్టల మీదా బయోటిన్ ఎంతో చదివి, రక్తం ఇచ్చేముందు డాక్టరుకు తప్పక చెప్పండి. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా దీనివల్ల తప్పు చూపగలదు, అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. పైగా బయోటిన్ లోపం లేనివాళ్లకు ఆ మాత్ర వల్ల జుట్టుకు ఒరిగేదేమీ లేదు.

ఐరన్ మాత్ర 60 మి.గ్రా., రోజు విడిచి రోజు. రోజూ వేసుకుంటే మర్నాటి మాత్రను పేగులు సరిగా పీల్చుకోవు. ఉదయం పరగడుపున నిమ్మరసం నీళ్లతో వేసుకున్నాను. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర దాని దరిదాపుల్లో ఉండకూడదు. నేను రెండు గంటల ఎడం పాటించాను. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లకు నాలుగు గంటల ఎడం కావాలి. ఒక ఇబ్బంది ముందే చెప్పాలి: ఈ ఇంజెక్షన్లకే మలబద్ధకం వస్తుంది, ఐరన్ దానికి తోడవుతుంది. మొదటి పది రోజులు నరకం. రాత్రి ఒక చెంచా ఇసబ్గోల్, రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు, జామకాయ మొదలుపెట్టాక సర్దుకుంది. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడక్కర్లేదు. మూడు నెలల తర్వాత ఫెరిటిన్ 38. పరీక్ష లేకుండా ఐరన్ మింగకూడదు, ఎక్కువైనది కాలేయంలో చేరుతుంది.

మందు ఆపాలా అన్నది అందరూ అడిగేది. విశ్రాంతిలోకి వెళ్లిపోయిన వెంట్రుకలు మందు ఆపినా రాలతాయి, ఆపకపోయినా రాలతాయి. ఆపితే తిరిగొచ్చేది బరువు. షుగరు ఉన్నవాళ్లకు షుగరు కూడా. నా విషయంలో డాక్టరు డోసు పెంచడం ఆపి 7.5 దగ్గరే ఉంచారు. ఒక్కో డోసు మీద కనీసం నాలుగు వారాలుండాలన్నది నియమం, నాలుగు వారాలు కాగానే పెంచి తీరాలని ఎక్కడా లేదు. ప్రొటీన్ చేరి, బరువు తగ్గుదల వారానికి అరకిలోకి దిగాక, అక్కడి నుంచి మూడు నెలలకు లెక్క 120కి వచ్చింది. కుదుళ్లు మూడు నెలల ఆలస్యంతో జవాబిస్తాయని నాకు రూఢి అయింది అక్కడే.

ఉల్లిరసం, ఆముదం, కలబంద, ఇవేవీ విశ్రాంతిలోకి వెళ్లిన కుదురును వెనక్కి తేలేవు. ఆరో నెలలో ఊడడం దానంతటదే తగ్గుతుంది, ఆ నెలలో ఏ నూనె రాస్తుంటే ఆ నూనెకు పేరొస్తుంది. అదే అదనుగా క్లినిక్కులు జుట్టు కోసమంటూ వేల రూపాయల ఇంజెక్షన్ ప్యాకేజీలు అంటగడతాయి. మొదటి ఆరు నెలలు వాటి జోలికి వెళ్లకండి. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్న మాట కూడా నమ్మకండి. మొక్కు ఉంటే తలనీలాలు ఇచ్చుకోండి, అది వేరే సంగతి. కత్తి కుదురును తాకదు, కొస మొద్దుగా తెగుతుంది కాబట్టి మొదట్లో ముతకగా అనిపిస్తుంది, అంతే. ఊడుతుందని తలస్నానం మానేయడం ఇంకో తప్పు. మానేస్తే పది రోజులవి ఒక్కరోజే చేతికొస్తాయి. కుంకుడుకాయ అలవాటున్నవాళ్లు మానక్కర్లేదు గాని, అది చిక్కు ఎక్కువ పడేస్తుంది. తల పూర్తిగా ఆరాక, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

ఆరు నెలలు దాటినా లెక్క తగ్గకపోతే, నడినెత్తిన పాపిడి వెడల్పవుతుంటే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పీసీఓడీ వల్ల బరువు పెరిగి ఈ ఇంజెక్షన్లకు వచ్చిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు నడినెత్తి పలుచబడడం ముందే మొదలై ఉండి, ఈ ఊడడంతో ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పుడు జుట్టు మొలిపించే మందు మినాక్సిడిల్ అవసరం పడొచ్చు. మొదలుపెట్టిన కొన్ని వారాలకు అది ఇంకొంచెం ఊడగొట్టి ఆ తర్వాతే పని చేస్తుంది, కనీసం నాలుగు నెలలు ఓపిక పట్టాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. కనుబొమలు ఊడినా, మాడు దురదపెట్టి పొట్టు రాలినా, నున్నటి మచ్చలు కనిపించినా ఆరు నెలలు ఆగకుండా వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడు పదో నెల. బరువు 66. పాపిడికి రెండు వైపులా, కణతల దగ్గర, నూనె రాసినా అణగని పొట్టి వెంట్రుకలు నిక్కి నిలబడుతున్నాయి. ఒకదాన్ని స్కేలు పక్కన పెట్టి చూస్తే 4 సెం.మీ. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నాలుగు నెలల కిందట మొలిచింది. కొస సూదిలా సన్నగా ఉంది, అంటే తెగినది కాదు, కొత్తది. నా జడ పొడవు 40 సెం.మీ. ఈ పిల్ల వెంట్రుకలు జడ కొసకు చేరాలంటే ఇంకా మూడేళ్లు పడుతుంది. అందాకా పైన ఒత్తుగా, కింద తోకలా ఉంటుంది. అందుకని కింద నుంచి 12 సెం.మీ. కత్తిరించాను. కొత్తవాటిని జెల్లు పెట్టి అణచకుండా, బిగించి కొప్పు వేయకుండా, గుడ్డ రబ్బరుతో వదులుగా కట్టుకుంటున్నాను. వచ్చే నెల డోసు 10కి పెంచుదామంటున్నారు డాక్టరు. పెంచిన తేదీ క్యాలెండరులో రాసుకుని, అక్కడి నుంచి మూడు నెలలు లెక్కపెట్టి దారం, స్కేలు మళ్లీ తీస్తాను.